ఎనిమిది వందల సీట్లు

కుర్చీల పిన్ని కొట్లో అద్దెకివ్వని కుర్చీ ఒక్కటే. అది ఆవిడది. చేతులున్న పాత చెక్క కుర్చీ, కుడిచెయ్యి కొంచెం వదులు. గల్లాపెట్టెకీ గోడకీ మధ్య ఆ కుర్చీ, అందులో పిన్ని. ఈ ఏర్పాటు ఎప్పటినుంచి ఉందో వీధిలో ఎవరికీ గుర్తులేదు. మిగతావన్నీ తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, ఎనిమిది వందలు. ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుని కప్పుదాకా ఉంటాయి. ప్రతిదాని అడుగునా ఎర్రరంగు చుక్క. ఎవరింట్లో ఏ శుభకార్యానికి పిలిచినా పిన్ని ముందు కుర్చీ తిరగేసి అడుగు చూస్తుంది. ఎర్రచుక్క ఉంటే కూర్చుంటుంది. లేకపోతే, ఎంతమంది బతిమాలినా సరే, భోజనం కూడా నిలబడే చేసి వస్తుంది.

ఆవిడ ఎవరికి నిజంగా పిన్నో కూడా ఎవరికీ తెలియదు. కుర్చీలు కొనుక్కుందామా అని ఆలోచించేవాళ్లకి మాత్రం సొంతపిన్ని కన్నా ఎక్కువగా నచ్చజెప్పేది.

"కొంటావా? కొను నాయనా, నాకేం. కొని ఎక్కడ పెడతావు? ఎవరు తుడుస్తారు? కాలు విరిగితే ఎవరు చూస్తారు? అద్దెకి తీసుకో, పనైపోగానే మర్చిపో."

ఈ నాలుగు ముక్కల మీదే కొడుకుని పెంచింది, పెళ్లి చేసింది, కొట్టుకి పైకప్పు మార్పించింది. ఆ కొడుకే ఇప్పుడు కొట్టు వ్యాను నడుపుతాడు. మంచివాడు, మాట తక్కువ. తల్లికీ పెళ్లానికీ మధ్య ఏ మాట వచ్చినా అతనికి వ్యానుకి గాలి కొట్టించాలని గుర్తొస్తుంది. ఆ వీధిలో అంత నిండుగా గాలి ఉన్న టైర్లు ఇంకెవరికీ లేవు.

ఫోన్లు, బిల్లులు, బుకింగులు కోడలివి. కాపురానికొచ్చిన కొత్తలోనే కొట్లోకొచ్చింది. ఆమెకి కొట్లో కుర్చీ లేదు. అంటే, ఎనిమిది వందలున్నాయి, ఏదీ ఆమెది కాదు. పొద్దున్నే ఏదో ఒక వరస మీంచి ఒకటి దింపుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం వ్యానుకి ఎక్కించేటప్పుడు, "లెక్కకి ఒకటి తక్కువుందమ్మా," అంటాడు కొడుకు. పిన్ని కోడలివైపు చూస్తుంది. కోడలు లేస్తుంది. ఆ కుర్చీ వ్యానెక్కుతుంది. సీజన్లో ఆమె తాళ్ల మూట మీద కూర్చుని బిల్లులు రాసేది.

కొట్లో ఒక ముసలి కంప్యూటరుంది. అందులో ఉన్న బిల్లుల సాఫ్ట్‌వేరు పిన్ని భర్త బతికున్నప్పుడు డిస్కు రూపంలో కొన్నది. ఒకసారి డబ్బు పారేశాడు, ఆయన పోయినా అది పనిచేస్తూనే ఉంది. అలాంటిది ఒకరోజు పొద్దున తెరమీద చిన్న డబ్బా ఒకటి ప్రత్యక్షమైంది. ఈ సాఫ్ట్‌వేరుకి ఇక కాలం చెల్లిందని, ఇకమీదట నెలనెలా చందా కట్టి క్లౌడ్‌లో వాడుకోవాలని అందులో ఉంది. పిన్ని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి దాన్ని పంపించేసింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ పంపించింది. అప్పులవాడు కూడా ఇంత క్రమం తప్పకుండా రాడు.

"క్లౌడ్‌కి మారక తప్పదత్తయ్యా," అంది కోడలు.

"క్లౌడంటే?"

"మబ్బు."

"మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోమంటావా?"

"నిజం మబ్బు కాదండీ. ఎక్కడో పెద్ద గది ఉంటుంది. నిండా కంప్యూటర్లు. మన లెక్కలన్నీ అక్కడుంటాయి."

"అంటే గోదాం."

"గోదాం లాంటిదే."

"మరి గోదాం అనక మబ్బంటారెందుకు?"

పిన్నే జవాబు చెప్పింది. "గోదామంటే అద్దె బేరమాడతామని."

కోడలు నవ్వి ఊరుకుంటే బాగుండేది. "దానివల్ల సుఖమే అత్తయ్యా. అంతా ఫోన్లో కనిపిస్తుంది. ఏ కుర్చీ ఎక్కడుందో ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. మీరు కొట్టుకి రానక్కర్లేదు. హాయిగా ఇంట్లో ఉండొచ్చు," అంది. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. కానీ ఆ మాట పిన్నికి ముల్లులా దిగింది. రోజుకి పాతికమంది వచ్చి "పిన్నీ, మా కుర్చీలు ఎప్పుడొస్తాయి?" అని అడిగేవారు. ఆ పాతికమందీ ఫోను చూసుకుని ఊరుకుంటే గల్లాపెట్టె పక్కన ఆ చెక్క కుర్చీ ఎందుకు? అందులో తానెందుకు? వదులైన కుడిచేతిని పట్టుకుని కొంచెం గట్టిగా కూర్చుంది.

కోడలు మాత్రం క్లౌడు కంపెనీకి వివరాలడుగుతూ కొట్టు నంబరిచ్చింది. వాళ్లు ఫోను చేసేటప్పటికి ఆమె బ్యాంకులో ఉంది. పిన్ని ఎత్తింది.

"సీట్ల గురించి మాట్లాడదామని చేశాను మేడమ్," అన్నాడు అవతలి కుర్రగొంతు. "మీకెన్ని సీట్లుంటాయి?"

పిన్ని వెన్ను నిటారుగా అయింది. బేరం. "ఎనిమిది వందలు బాబూ."

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది. "ఎనిమిది వందలా! అన్నీ ఒకేచోట ఉంటాయా మేడమ్?"

"పనిలేనప్పుడు ఒకేచోట. సీజన్లో నాలుగు చోట్లకీ పంపుతాం. పొద్దున వ్యానెక్కించడం, అయిపోగానే మళ్లీ ఎక్కించి తెచ్చుకోవడం."

"ట్రాన్స్‌పోర్టు కూడా మీదే! చాలా గొప్ప విషయం మేడమ్. మరి పనిలేని రోజుల్లో?"

"ఒకదానిమీద ఒకటి పేర్చేస్తాం."

"అంటే... షిఫ్టులా మేడమ్?"

"షిఫ్టు చెయ్యడం ఎంతసేపు? ఇద్దరు పట్టుకుంటే చాలు. కాళ్లు విరిగినవి ఓ నలభై ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోకు. వెనక షెడ్లో పడేశాం."

"మేడమ్! ఇన్సూరెన్సు..."

"వాటికి ఇన్సూరెన్సెందుకూ? ఏడాదికోసారి పాతసామాన్లవాడొచ్చి కిలోల లెక్కన పట్టుకుపోతాడు."

పెద్ద కంపెనీలవాళ్లు స్టాఫ్ గురించి అలాగే మాట్లాడతారనుకున్నానండీ అని తరవాత అతనే చెప్పుకున్నాడు. అప్పుడు మాత్రం, "రేపు నేనే వస్తాను మేడమ్, దయచేసి ఇంకెవరితోనూ మాట్లాడకండి," అని ఫోను పెట్టేశాడు.

కోడలు బ్యాంకు నుంచి వచ్చేసరికి పిన్ని మొహం వెలిగిపోతోంది. "ఎనిమిది వందలూ ఒక్కడే అడిగాడమ్మాయ్. ఒక్క ఫోను. నోటిమాటతో. నీ మబ్బు వల్లవుతుందా?"

మర్నాడు అతను టై కట్టుకుని, చేతిలో కేకు పెట్టెతో వచ్చాడు. కొట్టుముందు నిలబడి బోర్డు చదివాడు, చేతిలో చిరునామా చదివాడు, మళ్లీ బోర్డు చదివాడు. పిన్ని కూర్చోమంది. కోడలు తను కూర్చున్న కుర్చీ అతనికిచ్చి తాళ్ల మూట మీదకి చేరింది.

"లోకం మారిపోతోంది మేడమ్," అని మొదలుపెట్టాడు సాఫ్ట్‌వేరు కుర్రాడు. "ఇకముందు ఎవరూ ఏదీ కొనరు. అన్నీ అద్దెకే."

"నా కొడుకు పుట్టకముందు నుంచీ నేను చెప్పేది అదే కదయ్యా!"

"కొంటే ఏమవుతుంది మేడమ్? ఎక్కడ పెడతారు? ఎవరు చూసుకుంటారు? పాడైతే ఎవరు బాగుచేస్తారు? అదే అద్దెకైతే..."

"పనైపోగానే మర్చిపోవచ్చు," అంది పిన్ని నెమ్మదిగా. గుమ్మంలో విడిచిన తన చెప్పులు ఇంకొకరి కాళ్లకి కనిపించినట్టయింది ఆవిడకి. "సరే నాయనా, నీకు కుర్చీలు ఎప్పటికి కావాలి?"

"నాకు కాదు మేడమ్, సీట్లు మీకు."

"నాకెందుకు? నా దగ్గరున్నాయిగా."

"అవును మేడమ్, ఎనిమిది వందలమంది. వాళ్లు... ఎక్కడ కూర్చుంటారు?"

పిన్ని వేలు పైకెత్తి కప్పుదాకా ఉన్న వరసలు చూపించింది. అతను అటు చూశాడు, కిందినుంచి పైదాకా చూశాడు. అతని చెయ్యి టై ముడి దగ్గరకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. తాళ్ల మూట మీంచి మొదట చిన్న చప్పుడొకటి వచ్చింది, తరవాత కోడలు పడీపడీ నవ్వింది. వ్యాను దగ్గరున్న కొడుకు కూడా ఏమైందోనని తొంగి చూశాడు.

"మా మేనేజరు నిన్ననే ఆఫీసులో కేకు కోయించేశారు మేడమ్," అన్నాడు అతను నీరసంగా. "అందులో మిగిలిందే ఇది."

పిన్నికి జాలేసి కేకు ముక్క అతనికే పెట్టింది. తిన్నాక ప్రాణం వచ్చి, సీటంటే ఏమిటో వివరించాడు. సీటంటే సాఫ్ట్‌వేరు వాడే మనిషి. ఒక్కో మనిషికి ఒక్కో సీటు, సీటుకి నెలకి ఇంత.

"అందులో కూర్చుంటారా?"

"కూర్చోరు మేడమ్."

"కూర్చోని సీటుకి అద్దె కూడానా!" పిన్ని కోడలివైపు చూసింది, మళ్లీ అతనివైపు తిరిగింది. "ఆగు. నేను అద్దెకిస్తే నా సామాను వాళ్లింటికి పోతుంది, వాళ్లు నాకు కడతారు. ఇక్కడ నా లెక్కలు మీ గోదాంకొస్తాయి, అద్దె మళ్లీ నేనే కడతానా?"

"కరెక్టు మేడమ్! ఇంత త్వరగా ఎవరికీ అర్థం కాదు," అన్నాడు అతను సంతోషంగా.

"కట్టడం మానేస్తే?"

"సీటు తీసేస్తాం."

"కూర్చున్న మనిషిని లేపేసా?"

"అంతే మేడమ్."

"ఇదెక్కడి మర్యాద!" అంది పిన్ని. కోడలు తాళ్ల మూట సర్దుకుంది.

పాత సాఫ్ట్‌వేరు ఎలాగూ ఆగిపోతోంది. తప్పదు కాబట్టి తప్పలేదు. "మీ కొట్లో ఇది ఎవరు వాడతారు మేడమ్?" అని అడిగాడు అతను.

"నేను," అన్నారు అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారే.

కొడుకు వ్యానుకి గాలి కొట్టించాలంటూ వెళ్లిపోయాడు.

"అయితే రెండు సీట్లు," అన్నాడు కుర్రాడు ఆశగా.

"ఒకటి," అంది పిన్ని. "నా పేరు మీద." కోడలు టైపు చేస్తుంది, కానీ సీటు మాత్రం పిన్నిది. పాస్‌వర్డు పిన్నే పెట్టింది: ఎర్రచుక్క. కోడలికి చెవిలో చెప్పింది. ఇద్దరూ ఒకేసారి వాడితే కుదరదు మేడమ్ అని కుర్రాడు హెచ్చరించబోతే, "మేమిద్దరం ఒక వంటగదిలో బతుకుతున్నాం నాయనా, ఒక సీటు ఎంత?" అని పంపించేసింది.

ఆ వారం నుంచి కుర్చీలాట మొదలైంది.

కొట్టుకి రానక్కర్లేదన్న మాట పిన్ని మర్చిపోలేదు. తానింకా ఉన్నానని మబ్బుకి తెలియాలనుకుందేమో, వేళాపాళా లేకుండా ఫోన్లో తెరిచేది. పళ్లు తోముకుంటూ తెరిచేది. కొట్లో చెక్క కుర్చీలో కూర్చుని, రెండడుగుల దూరంలో కోడలు అదే చూస్తున్నా తెరిచేది. ఈవిడ లోపలికెళ్లిన మరుక్షణం కోడలి తెరమీద ఒక వాక్యం వచ్చేది. ఆ తెలుగు ఏ యంత్రం రాసిందో గానీ, కోడలు దాన్ని నాటకంలో రాజుగారిలా చదివేది. "ఈ సీటునందు వేరొకరు ఆసీనులైనారు. తమరు నిష్క్రమింపబడితిరి!"

ఫోను చేసేది. "అత్తయ్యా, లేవండి!"

"నేను మంచం మీద పడుకునే ఉన్నానే."

"మంచం మీంచి కాదండీ, సీట్లోంచి!"

"ఒక్క నిమిషం. హాలువాళ్లకి ఎంత తగ్గించావో చూసి లేస్తా."

నవ్వులాటగా ఉన్నంతకాలం బాగానే ఉంది. ఒకరోజు పిల్లలకి డాన్సు నేర్పే టీచరు ఫోను చేసి, వార్షిక ప్రదర్శనకి రెండు వందల కుర్చీలు కావాలంది. కోడలు పేరు కొట్టింది, తేదీ కొట్టింది. సంఖ్య దగ్గరకొచ్చేసరికి రాజుగారు ప్రత్యక్షమయ్యారు. నిష్క్రమింపబడితిరి. అత్తయ్య లోపలుంది కదా, ఆవిడే పూర్తిచేస్తుందిలే అనుకుంది కోడలు. కోడలు రాస్తోంది కదా అనుకుంది పిన్ని. ఇద్దరూ రాయలేదు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం డాన్సు టీచరు గొంతు ఫోనులోంచి వీధిదాకా వినిపించింది. "పిల్లలకి మొహాలకి రంగులేసేశానండీ! కుర్చీలేవీ?"

ఎనిమిది వందలూ పొద్దున్నే బ్యాంకు ఉద్యోగుల మహాసభకి వెళ్లిపోయాయి. కొట్లో చెక్క కుర్చీ ఒక్కటే ఉంది. షెడ్లో కాళ్లు విరిగినవి నలభై.

పిన్ని జీవితంలో ఇస్తానన్న కుర్చీ ఇవ్వకపోవడం ఇదే మొదలు. ఆ కోపం ఎవరిమీద చూపాలో తెలియక కోడలి మీద చూపింది. "పని మధ్యలో వదిలేస్తారుటే ఎవరైనా?"

కోడలు ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. ఆ పూట చెప్పింది.

"నేను వదల్లేదత్తయ్యా. మీరు లేపేశారు. కొట్లో లేపుతారు, అందులోనూ లేపుతారు. ఇన్ని కుర్చీల కొట్లో నేనెక్కడ కూర్చోను?"

కొడుకు గాలి సంగతి ఎత్తబోయి, ఎందుకో మానేశాడు. పిన్ని చెక్క కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, వీధి దాటింది.

వీధికవతల టెంట్లాయన కొట్టు. ఆయన కూడా కుర్చీలిస్తాడు, అడుగున నీలంచుక్కవి. ఎన్నో ఏళ్లుగా ఇద్దరికీ ఎదురుపడితే తలూపుకోవడం వరకే స్నేహం.

"రండి అక్కయ్యగారూ," అన్నాడు టెంట్లాయన. సంగతి విని, ఆనందాన్ని దాచుకోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించి ఓడిపోయాడు. "ఇస్తాను, దానికేం. మరి డిపాజిట్..."

"నా దగ్గరా?"

"మీ దగ్గర నేర్చుకున్నదేనండీ. కాలు విరిగితే సగం, పోతే మొత్తం. ఒకసారి లెక్క చూస్తానుండండి." ఫోను తీశాడు. తెరమీద పిన్నికి తెలిసిన మబ్బు బొమ్మే ఉంది.

"నువ్వూ ఇందులోనే ఉన్నావా? ఎన్ని సీట్లు?"

"రెండు. నాకొకటి, మా ఆవిడకొకటి. మొదట పొదుపని ఒకటే తీసుకున్నా. మూడుసార్లు పుట్టింటికెళ్లిపోయింది. బతిమాలి తేవడానికైన బస్సు చార్జీలు చూస్తే సీటే చవకనిపించింది."

పిన్ని మొదటిసారి ఆయన మొహంలోకి సరిగ్గా చూసింది. డిపాజిట్ కట్టింది.

సాయంత్రానికి నీలంచుక్క కుర్చీలు డాన్సు టీచరు హాల్లో వరసలు తీరాయి. పిల్లలు చేపలుగా, చెట్లుగా, ఒకడు వానమబ్బుగా వేషాలేశారు. వానమబ్బు మధ్యలో ఏడుపు మొదలుపెట్టి నిజంగానే కురిసింది. ముందువరసలో కూర్చోండి పిన్నిగారూ అని టీచరు ఎంత చెప్పినా పిన్ని కూర్చోలేదు. తిరగేసి చూడక్కర్లేదు, చుక్క నీలమని తెలుసు. గోడకానుకుని నిలబడింది. పక్కన కోడలు కూడా, అత్తయ్య నిలబడిందని నిలబడింది. చేపలు అయ్యేసరికి పిన్నికి పిక్కలు లాగాయి. చెట్లు వచ్చేసరికి మోకాళ్లు మాట్లాడడం మొదలుపెట్టాయి. కోడలివైపు చూసింది. ఆమె హాయిగా పిల్లల్ని చూస్తోంది.

"నీకు కాళ్లు నొప్పులు లేవుటే?"

"అలవాటేగా అత్తయ్యా," అంది కోడలు, చూపు తిప్పకుండా.

మిగతా ప్రదర్శనలో వేదిక మీద ఏం జరిగిందో పిన్నికి తెలియదు.

మర్నాడు కొట్టు తెరవగానే సాఫ్ట్‌వేరు కుర్రాడికి తనే ఫోను చేసింది. "బాబూ, నేను. కుర్చీల పిన్నిని. సీటు కావాలి."

అతను ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. "మనుషులకేనా మేడమ్?"

"మనిషికే. ఒక్కటి. మా కోడలి పేరు మీద. పాస్‌వర్డు తనే పెట్టుకుంటుంది, నాకు చెప్పనక్కర్లేదు."

కోడలు తాళ్ల మూట మీంచి తలెత్తింది. ఫోను పెట్టేసి పిన్ని లేచింది. మహాసభ నుంచి తిరిగొచ్చిన వరసల్లోంచి ఒక కుర్చీ లాగింది, బాగోలేదని పక్కన పెట్టింది, ఇంకోటి లాగింది. ఊపి చూసింది. తిరగేసి, పాత తాళంచెవి మొనతో అడుగునున్న ఎర్రచుక్కని గీకడం మొదలుపెట్టింది. మంచి రంగేమో, ఓ పట్టాన వదల్లేదు. ప్లాస్టిక్ తెల్లగా బయటపడేదాకా గీకింది. అప్పుడు దాన్ని గల్లాపెట్టెకి రెండోపక్కన వేసి, మళ్లీ వచ్చి తన చెక్క కుర్చీలో కూర్చుంది. కోడలు కాసేపు చూసి, వచ్చి కూర్చుంది. ఫోన్లో తన కొత్త సీటు తెరిచింది. ఎవరూ నిష్క్రమించమనలేదు.

"కుర్చీల లెక్కలో ఒకటి తగ్గించు," అంది పిన్ని.

"విరిగిందా అత్తయ్యా?"

"విరగడమెందుకు? నువ్వు కూర్చున్నావుగా."

మధ్యాహ్నం వ్యానుకి ఎక్కించడం అయ్యాక కొడుకు గుమ్మంలోకొచ్చాడు. "లెక్కకి ఒకటి తక్కువుందమ్మా."

కోడలు అలవాటు కొద్దీ సగం లేచింది.

"కూర్చో," అంది పిన్ని. కొడుకుతో, "తక్కువేం లేదు. ఏడువందల తొంభై తొమ్మిదే. కావాలంటే అందులో చూసుకో," అంది.

కొడుకు తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, ఇద్దరి చేతుల్లోనూ ఉన్న ఫోన్లు చూశాడు.

"నాకందులో సీటు లేదుగా," అన్నాడు. అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి తలెత్తి తనవైపు చూసేసరికి, వ్యానుకి గాలి కొట్టించడానికి వెళ్లిపోయాడు.